తుడవకూడని నీళ్లు

ఆశ్వయుజ మాసం, అట్లతద్ది మర్నాడు, ఉదయం ఆరూ ఇరవై. అల్లవరం దగ్గర సత్యవతమ్మ గారి కలువ చెరువులో, తాటి దోనెలో గొంతుక్కూర్చుని ఉన్నాను. ఎడమ చేతిలో దూది, కుడి చేతిలో కాగితం పొట్లం. పొట్లంలో ఎర్ర కలువ పుప్పొడి. దోనె ఊగింది. పొట్లం జారింది. పుప్పొడంతా తెల్ల కలువ నడుమ ఉన్న గిన్నెలో, నేను ఇంకా తుడవని నీళ్లలో పడిపోయింది.

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాయను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలు ఆ మాటకి ఖర్చుపెట్టడం దండగ.

నర్సరీల్లో మొక్కల సంకరం పనికి ఈ మధ్య కుర్రాళ్లూ ఆడపిల్లలూ బాగా వస్తున్నారు. మంచిదే. అందులో ఒకరిద్దరు "మీ అనుభవాలు రాసి పెట్టండి తాతగారూ" అని అడిగారు. ఏ సంవత్సరం ఉద్యోగంలో చేరాను, ఎప్పుడు పర్మినెంటు చేశారు, పింఛను కోసం ఎవరి చుట్టూ తిరిగాను, ఇవన్నీ మీకెందుకు? పని చెబుతాను. పనిలో ఎక్కడ దెబ్బ తిన్నామో చెబుతాను. పనికొస్తే ఉంచుకోండి.

చెట్టు మీద నేర్చుకున్నది

మాది మామిడికుదురు పక్క ఊరు. మా నాన్న కొబ్బరి దింపు పని చేసేవాడు. కాళ్లకి బంధం వేసుకుని చెట్టెక్కడం నాకు నడకతో పాటే వచ్చింది. బడి మాత్రం రాలేదు. పెద్దయ్యాక ఒక ప్రభుత్వ కొబ్బరి తోటలో సంకరం పనికి తీసుకున్నారు. పొట్టి రకం చెట్టు పుప్పొడి తెచ్చి పొడుగు రకం చెట్టు పువ్వుకి పట్టించడం ఆ పని.

అది చేసే పద్ధతి ఇదీ. పూగెల విచ్చుకోగానే దాని మగ పువ్వులన్నీ గిల్లి పారెయ్యాలి. లేకపోతే దాని పుప్పొడి దానికే అంటుకుంటుంది. తర్వాత గెలకి గుడ్డ సంచి కట్టాలి. కొబ్బరిలో మగ పువ్వులు ముందు లేస్తాయి, ఆడ పువ్వులు తీరిగ్గా సిద్ధమవుతాయి. ఆడ పువ్వు కొన మీద తేనె బొట్టు మెరిసిందంటే అదీ వేళ. అప్పుడు సంచి విప్పి, పుప్పొడి ఊది, మళ్లీ కట్టాలి. ముందు ఊదినా దండగే, తర్వాత ఊదినా దండగే.

ఈ పనిలో మాకు నూరిపోసిన సూత్రం ఒకటుంది. పుప్పొడికి తడి తగలకూడదు. వాన చినుకు పడితే దిగిపోవాలి. మంచు ఆరకముందు పొట్లం విప్పకూడదు. చెమట చేత్తో ముట్టుకోకూడదు. మా సూపర్వైజరు గారు పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి అరచేతులు తడిమి చూసేవారు.

"ఏంట్రా ఈ తడి? పిల్లని చూడ్డానికొచ్చేవా, చెట్టెక్కడానికొచ్చేవా?"

"మొహం కడుక్కున్నానండి."

"అయితే తుడుచుకోడానికి కొంగు దొరికేదాకా ఇక్కడే నిలబడు. చెట్టెక్కేవో, కాళ్లిరుగుతాయి."

ఆయన్ని చాటుగా ఎన్ని తిట్టుకున్నామో. కానీ ఆయన చేతికింద పని చేసినవాళ్ల గెలలు ఖాళీ పోయేవి కావు. కఠినంగా ఉండే ఆఫీసరు దొరికితే ఏడవకండి. మెత్తగా మాట్లాడి పని నేర్పని ఆఫీసర్లని కూడా చూశాను, వాళ్ల పేరు కూడా నాకిప్పుడు గుర్తు లేదు.

అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సంకరం చేసిన ప్రతి గెలకీ రేకు బిళ్ల కట్టి, ఏ చెట్టు పుప్పొడి పట్టించామో రాయాలి. నా బిళ్లలు తోటివాడు రాసేవాడు. ఒకసారి వాడు పరధ్యానంలో నా గెలలకి తన చెట్ల పేర్లు రాసేశాడు. ఆ గెలలు నేను చేసినవి కావన్నారు. చెప్పుకోవడానికి నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం మా ఆవిడ వెంకాయమ్మ ముందు పలక పట్టుకుని కూర్చున్నాను.

"అయిదో క్లాసు దాకా చదివినదాన్నండి. ఫీజేం ఇస్తారు?" అంది.

"వండినదానికి వంక పెట్టను."

"ఆయ్, అయితే కూర్చోండి. ఎన్నాళ్లు పెట్టరో చూస్తాను."

అందరూ 'అ, ఆ'లతో మొదలుపెడతారు. నేను 'పొట్టి', 'పొడుగు' అన్న మాటలతో మొదలుపెట్టాను. నా బతుక్కి ముందు కావలసినవి అవే.

రాత్రి పూసే కలువ

మోకాళ్లు చెట్టు వద్దన్నాక నేల మీద పని వెతుక్కున్నాను. సత్యవతమ్మ గారికి అల్లవరం దగ్గర నీటి మొక్కల నర్సరీ ఉంది. తామర, కలువ, పిస్టియా అనే అంతరతామర, అన్నీ పెంచి దుంపలూ మొక్కలూ అమ్ముతారు. వినాయక చవితికి పువ్వులు కూడా వెళతాయి. "చెట్టు మీద చేసినవాడివి, నీళ్లలో చెయ్యలేవా?" అని ఒక్క మాట అడిగి పనిలో పెట్టుకున్నారు.

కలువని చాలామంది తామర అనుకుంటారు. తామరాకు కాడ మీద నీళ్లు దాటి లేస్తుంది. కలువాకు నీటి మీదే పడుకుంటుంది, కాడ దగ్గర చీలిక ఉంటుంది. మన డ్రైన్లలో పెరిగే తెల్ల కలువ ఆకు తిప్పి చూడండి. అంచున రంపం పళ్లు, అడుగున కందిరంగులో సన్నటి నూగు. వేలితో రాస్తే పిల్లి చెవి రాసినట్టుంటుంది. వేసవిలో చెరువు ఎండి, బురద నెర్రెలిచ్చినా దాని దుంప అడుగున నిద్రపోతూ ఉంటుంది. మొక్క చచ్చిపోయిందని బురదంతా తవ్వి గట్టు మీద పోయించిన యజమానుల్ని చూశాను. తొలకరికి గట్టు మీద మొలకలొస్తే నెత్తి బాదుకున్నారు. నీటి మొక్క కనిపించకపోతే లేదని కాదు.

దాని పువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. మర్నాడు ఎండెక్కితే ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజున ఇంకాసేపు ఆగుతుంది. ముడుచుకుంది కదా, అయిపోయిందని కోసెయ్యకండి. సాయంత్రానికి మళ్లీ తెరుచుకుంటుంది. అలా మూడు నాలుగు పూటలు. అందుకే పట్టపగలు తెల్ల కలువని చూద్దామని వచ్చినవాళ్లు మొగ్గలే చూసి వెళతారు. మా పని ఎప్పుడూ దీపాలు పెట్టేవేళా, కోడి కూసిన వేళా ఉండేది.

పువ్వు లోపలి సంగతి అసలైనది. మొదటిసారి విచ్చుకున్నప్పుడు నడుమ చిన్న గిన్నెలా ఉంటుంది, అందులో చెంచాకి తక్కువగా నీళ్లు. చుట్టూ కేసరాలు కంచెలా నిలబడి ఉంటాయి, పుప్పొడి ఇంకా రాల్చవు. రెండో పూటకి గిన్నె ఆరిపోతుంది. కేసరాలు లోపలికి వంగి మూత వేస్తాయి, అప్పుడు పుప్పొడి రాలుతుంది. అంటే కొబ్బరికి తిరగేసిన వరస. ఇక్కడ ఆడది ముందు సిద్ధమవుతుంది, మగవాడు మర్నాడు లేస్తాడు. ఈ తేడా నేను వచ్చిన వారంలోనే పట్టేశాను. పట్టేశానని గర్వం కూడా ఉండేది. ఆ గర్వంలో ఆ నీళ్లు ఎందుకున్నాయని అడగలేదు.

కాయ కడితే కాడ కిందికి వంగి కాయని నీళ్లలోకి తీసుకుపోతుంది. అక్కడే పండి, మెత్తబడి పగులుతుంది. గింజలు తెల్లటి పొరతో ఉడికిన సగ్గుబియ్యంలా పైకి తేలి, కొంత దూరం కొట్టుకుపోయి, పొర ఊడాక మునుగుతాయి. కాయ కట్టని పువ్వు అక్కడే కుళ్లిపోతుంది. వేలితో నొక్కితే చిదుగుతుంది.

బోరు ఉప్పెక్కింది

సత్యవతమ్మ గారి చెరువుకి మూడు పక్కలా ఒకప్పుడు వరిచేలు. ఒక్కొక్కటే రొయ్యల చెరువులయ్యాయి. తప్పు ఎవరిదని నేను చెప్పను. వరిలో మిగలనివాడికి రొయ్య కనిపించింది. కానీ నీళ్లకి గట్టు తెలియదు. మా బోరు నీళ్లు ఒక ఏడు నాలిక్కి జివ్వుమన్నాయి. మరుసటి ఏడు ఎర్ర కలువ ఆకుల అంచులు అట్టు మాడినట్టు మాడాయి. నర్సరీకి పేరు తెచ్చింది ఆ ఎర్ర కలువే. వచ్చినవాళ్లందరూ దాన్నే అడుగుతారు.

అయితే రొయ్యల గట్టు పక్క డ్రైనులో, ఆ ఉప్పులోనే తెల్ల కలువ దర్జాగా పూసేది. అమ్మగారు రోజూ గట్టు మీద నిలబడి దాన్ని చూసేవారు.

"మురుగులో ఉన్నదానికి లేని జబ్బు దొరసాని గారికొచ్చిందా?" అన్నారు ఒక రోజు. దొరసాని అంటే ఎర్ర కలువ. "మేస్త్రీ, ఈ రెండిటికీ పెళ్లి చేస్తే? రంగు దీనిది, ఓర్పు దానిది."

"రెండిటి చెడ్డా రావచ్చండి అమ్మగారూ."

"మంచీ రావచ్చుగా. నీకెప్పుడూ చెడ్డే ముందు కనిపిస్తుంది."

ఆమె గురించి ఉన్నమాట చెప్పాలి. మొండి మనిషి. పని బాగుందని నోటితో ఎప్పుడూ అనలేదు. బాగులేకపోతే గట్టు చివరిదాకా వినపడేలా అనేవారు. భర్త పోయాక నర్సరీ ఒంటిచేత్తో నడిపారు. పిల్లలు లేరు. ఆమె మరిది సూరిబాబు గారు చెడ్డవారు కాదు, హుషారైన మనిషి, ఆయనకి రొయ్యల మీద మోజు. ఆ చెరువు కౌలుకిస్తే తన పక్క చెరువుతో కలిపేస్తానని వెంటపడేవారు.

"ఉప్పు నీళ్లలో కలువలేంటి వదినగారూ? చేపకి చెప్పులు కుట్టినట్టు. ఇచ్చెయ్యండి, మీరు ఇంట్లో చల్లగా కూర్చోవచ్చు."

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావయ్యా? గోడలకి నీళ్లు పొయ్యనా?"

చివరికి ఒక మాట మీదికి వచ్చారు. కార్తీక పౌర్ణమి లోపల తెల్లకలువ మీద ఎర్రకలువ కాయ ఒక్కటి కట్టాలి. కడితే చెరువు ఉంటుంది. కట్టకపోతే సూరిబాబు గారు కొలుచుకోవచ్చు. అమ్మగారు ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. చూడకపోతేనే ఎక్కువ బరువు.

గొడ్డుది అన్న మాట

డ్రైను నుంచి తెల్ల కలువ దుంపలు తెచ్చి చెరువులో నాటాం. పని నాతోపాటు నాగమణి చేసేది. ముప్పై ఏళ్లుంటాయి, నీళ్లలో పీతలా తిరిగేది, నాలుక మాత్రం పీత కొండి. సలహాకి శేషగిరి మాస్టారు వచ్చేవారు. అమలాపురంలో కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవారు. ఆదివారమైనా సరే ఇస్త్రీ చొక్కాతో బస్సు దిగి, గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు.

నేను చేసిన పద్ధతి చెబుతాను. సాయంత్రం కొత్తగా విచ్చుకుంటున్న తెల్ల పువ్వు కేసరాలన్నీ కత్తెరతో తీసేసేవాణ్ణి. పురుగు దూరకుండా గుడ్డ సంచి కట్టేవాణ్ణి. తెల్లారగట్ల రెండో పూట ఎర్ర పువ్వు నుంచి పుప్పొడి పొట్లంలోకి దులిపేవాణ్ణి. తెల్ల పువ్వు సంచి విప్పి, గిన్నెలో నీళ్లు దూదితో అద్ది, ఆరనిచ్చి, కుంచెతో పుప్పొడి రాసి, మళ్లీ కట్టేవాణ్ణి. సంచి కట్టని పువ్వుల గిన్నెల్లో ఒక్కోసారి తేనెటీగ మునిగి చచ్చి ఉండేది. అయ్యో పాపం అని తీసి పారేసేవాణ్ణి.

దూది గురించి మాస్టారిని అడిగాను కూడా.

"తుడవాలాండి మాస్టారూ?"

"తుడవండి, తుడవండి. నీళ్లలో పుప్పొడి రేణువు ఉబ్బి పగిలిపోతుందండీ. నేను క్లాసులో పిల్లలకి చూపించేవాణ్ణి."

నా చెట్టు చెప్పిన మాటా, ఆయన పుస్తకం చెప్పిన మాటా ఒకటే అయింది. ఇంకేం అనుమానం? రెండు సాక్ష్యాలు కలిశాక కేసు తేలిపోయినట్టే.

ఒక్క కాయా కట్టలేదు. శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. నేను చెయ్యి పెట్టిన ప్రతి పువ్వూ కుళ్లింది. చెయ్యి పెట్టని తెల్ల పువ్వులు మాత్రం వాటంతటవే బుట్టలు బుట్టలు కాశాయి. అంటే తల్లి మంచిదే. చేసేవాడు చెయ్యి తిరిగినవాడే. మరి లోపం ఎవరిది? మిగిలింది ఎర్రది. అందరి వేలూ దాని మీదికే తిరిగింది.

సూరిబాబు గారు ఒక రోజు అమ్మగారి ఎదురుగానే అనేశారు. "ఊరకే ఆయాసపడుతున్నారు. ఎర్ర కలువ గొడ్డుదండీ. గొడ్డుదానికి ఎన్ని పూజలు చేస్తే ఏం లాభం?"

నాగమణి పీకిన నాచు చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది. అమ్మగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"సూరిబాబూ. కౌలు అడుగు, కొలుచుకో, ఏం కావాలంటే అది చేసుకో. ఆ మాట మాత్రం నా గట్టు మీద అనకు."

"అయ్యో, మొక్కనన్నానండి వదినగారూ!"

"మొక్కననే అన్నావు. నాకు తెలుసు. ఇంట్లో మీ అమ్మగారు కూడా మొక్క గురించే అనేవారు."

ఆయన ముఖం వాడిపోయింది. మాటంటే అన్నారు గాని, తెలిసి అన్నది కాదు. ఆ రోజు నాకు ఒకటి తెలిసింది. ఆమెకి కాయ కావలసింది చెరువు కోసమే కాదు.

కొత్తవాళ్లకి ఇక్కడ ఒక ముక్క. పని కుదరకపోతే మనిషి ముందు నోరు లేనిదాని మీద నేరం మోపుతాడు. విత్తనం మంచిది కాదంటాడు, నేల మంచిది కాదంటాడు. నేనూ అన్నాను. మాస్టారూ తల ఊపారు. చెయ్యి తిరిగినవాడు తన చెయ్యిని చివర అనుమానిస్తాడు.

ఆ ఉదయం

ఇప్పుడు అట్లతద్ది మర్నాడికి వస్తాను. అప్పటికి పౌర్ణమి దగ్గరపడింది. సూరిబాబు గారు టేపు పట్టే వెంకన్నని వెంటబెట్టుకుని తెల్లారేసరికి దిగారు. మాస్టారు తొలి బస్సుకే వచ్చి గట్టు మీద కళ్లజోడు తుడుచుకుంటున్నారు. అమ్మగారు కాఫీతో నిలబడ్డారు. నాగమణి నడుములోతు నీళ్లలో ఉంది. అందరి మొహాల్లో ఎవరింట్లోనో పరామర్శకి వచ్చినట్టుంది. సూరిబాబు గారు అది భరించలేకపోయారు. దోనె గట్టుకి ఆనుకునే ఉంది. నా దగ్గరకొచ్చి వంగారు.

"ఏంటి మేస్త్రీ, పువ్వుకి మొహం తుడుస్తున్నావా?"

"గిన్నెలో నీళ్లండి. తుడవాలి. మీరు కాస్త దూరం జరగండి."

"ఏదీ, నన్నూ చూడనీ."

చూడాలంటే ఎక్కాలా? ఒక కాలు గట్టు మీద ఉంచి, ఒక కాలు దోనెలో పెట్టారు. తాటి దోనె సంగతి తెలిసినవాడెవడూ ఆ పని చెయ్యడు. దోనె ఒక పక్కకి ఒరిగింది. నేను పువ్వు కాడ విరక్కుండా ఎడమ చెయ్యి వెనక్కి లాక్కున్నాను, కుడి చేతిలో పొట్లం బోర్లాపడింది. పసుప్పచ్చ పొడి గిన్నెలో నీళ్ల మీద తేలి, నానుతూ దిగింది.

"చాలా బాగుందండీ!" అంది నాగమణి. "పెళ్లికూతుర్ని పసుపు నీళ్లలో ముంచేసేరు."

నేను ఏమన్నానో రాయనని ముందే చెప్పాను. సూరిబాబు గారు మాత్రం పాపం, కాలు తీసుకుని, "నాకేం తెలుసయ్యా, తడిస్తే ఆరదా?" అన్నారు.

"పుప్పొడి బియ్యమా అండీ, ఎండబెట్టుకోడానికి?"

దోనె తోసుకుని వచ్చేద్దామనుకున్నాను. ఆ రోజు విచ్చుకున్న తెల్ల పువ్వు అదొక్కటే. అమ్మగారు గట్టు మీంచి అన్నారు, "సంచి కట్టు మేస్త్రీ."

"పాడైపోయిందండి అమ్మగారూ."

"పాడైనదానికి కట్టకూడదని ఎక్కడైనా ఉందా?"

కట్టాను. బిళ్ల కూడా కట్టాలి కదా, అలవాటు. బిళ్ల మీద 'పాడు' అని రాశాను.

పాడుది గట్టిగా ఉంది

తర్వాత కొన్నాళ్లు ఎవరూ సంకరం మాట ఎత్తలేదు. నేను చవితికి వెళ్లి తిరిగొచ్చిన కుండీలు కడుక్కుంటూ కూర్చున్నాను. ఒక ఉదయం నాగమణి నీళ్లలో నాచు తీస్తూ ఆగిపోయింది. ఒక చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ఉంది.

"బాబాయ్ గారండీ. ఇలా రండి ఒకసారి."

"ఏమైంది? పాము గాని ఉందా?"

"పామయితే మీకెందుకు చెబుతానండీ, నేనే పట్టుకుందును. మీ పాడుది గట్టిగా ఉందండీ."

పంచె ఎగ్గట్టి దిగాను. కాడ వంగి నీటి అడుక్కి పోయింది. సంచిలో వేలితో నొక్కాను. చిదగలేదు. నిమ్మకాయంత గట్టిగా ఉంది. బిళ్ల తడిమి అక్షరాలు మళ్లీ చదువుకున్నాను. 'పాడు.' దాని కేసరాలు నేను నా చేత్తో తీసినవే, సంచి నేను కట్టినదే. అందులో ఎర్రది తప్ప ఇంకో పుప్పొడికి దారి లేదు.

మాస్టారికి ఫోన్ చేయించాం. సాయంత్రం బస్సుకే వచ్చేశారు. అప్పుడే విచ్చుకుంటున్న కొత్త పువ్వు దగ్గరికి దోనెలో తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు గిన్నె వంక చూసి, చూపుడు వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఏడుకొండలు గారూ, ఇవి నీళ్లు కావండీ."

నేనూ ముంచాను. తీపి అనడానికి లేదు, అలాగని చప్పగానూ లేదు. కొబ్బరి చెట్టు తలమీద కూర్చుని ఎన్నిసార్లు అదే రుచి చూశాను! ఆడ పువ్వు కొన మీద మెరిసే బొట్టు. అక్కడ ఆవగింజంత ఉంటే తేనె అన్నాను. ఇక్కడ చెంచాడు ఉంటే మంచు అనుకుని తుడిచేశాను. పురుగు తన ఒంటినున్న పుప్పొడితో ఆ గిన్నెలో దిగాలి, ఆ చెమ్మలో అది కడుక్కుపోయి అడుగుకి చేరాలి. తేనెటీగ అందుకే అందులో పడేది. పువ్వు తనకి కావలసింది తను ఏర్పాటు చేసుకుంటే, నేను రోజూ పొద్దున్నే వెళ్లి శుభ్రం చేసి వచ్చాను.

"మామూలు నీళ్లలో పగులుతుందని చెప్పేనండీ," అన్నారు మాస్టారు మెల్లిగా. "ఇవి మామూలు నీళ్లేనా అని చూడలేదు."

"నేనూ చూడలేదండి."

నీళ్లలో నిలబడి వింటున్న నాగమణి ఊరుకుంటుందా? "అంటే ఇన్నాళ్లూ దాని నోట్లో తడి తుడిచేసి, మింగలేదని తిట్టేరన్నమాట."

నేను దోనె గట్టు వైపు తిప్పాను.

ఆ తర్వాత దూది గట్టు మీదే వదిలేశాను. తడిలోనే పుప్పొడి వేశాం. అన్నీ కాదుగాని చాలా పువ్వులు కట్టాయి. ఎర్ర కలువ మీద పడ్డ మాట అలా పోయింది.

పౌర్ణమి నాడు సూరిబాబు గారు కౌలు కాగితంతో వచ్చారు. అమ్మగారు ఆయన్ని దోనె దగ్గరికి తీసుకెళ్లి నీళ్లలో చెయ్యి పెట్టించారు. నొక్కి చూశారు ఆయన.

"ఇదేనా?"

"ఇదే. నీ కాలి చలవ. కౌలు అడగడానికొచ్చి పెళ్లి చేసి వెళ్లేవు."

సూరిబాబు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కాసేపు బుర్ర గోక్కుని, "అయితే పెళ్లి భోజనమైనా పెట్టండి మరి," అన్నారు. ఆ పూట అందరం అమ్మగారింట్లోనే తిన్నాం. ఆయన లేస్తూ ఆమె దగ్గర ఆగి, "వదినగారూ, ఆ రోజు అన్న మాట..." అని నసిగారు. "పప్పు ఇంకొంచెం వెయ్యనా?" అన్నారు ఆమె. అంతటితో సరి.

మిగిలింది

గింజలు మొలిచాయి. బోరు నీళ్లలోకి మార్చాక ఎక్కువభాగం పోయాయి. కొన్ని నిలబడ్డాయి. మొదటి పువ్వు ఎర్రదీ కాదు, తెల్లదీ కాదు, ఉల్లిపొర రంగు. అమ్మగారు గట్టు మీద నిలబడి చూసి, "ఆకు చిన్నదిగా ఉంది," అన్నారు. ఆమె నోట అది మెచ్చుకోలు. ఉప్పు ఇంకా పెరిగితే అవీ నిలుస్తాయని నేను చెప్పను. పక్క రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ప్రస్తుతానికి చెరువుంది, అందులో కలువలున్నాయి, అమ్మగారు రోజూ గట్టు మీదికి వస్తున్నారు.

కొత్త పనిలోకి దిగేటప్పుడు పాత పనిలో నేర్చినది ఇంటి దగ్గర వదిలి రమ్మని చెప్పను. అది లేకపోతే కత్తెర పట్టడం కూడా రాదు. కాకపోతే ఈ మొక్క ఏమంటోందో ఒకసారి వేలు ముంచి చూడండి. ఒక మొక్క దగ్గర నిజమైనది ఇంకో మొక్క దగ్గర నిజం కానక్కర్లేదు. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాట చెప్పినా సరే. ఆ ఇద్దర్లో నేనొకణ్ణి గనక చెబుతున్నాను.

ఆ ఉదయం చెరువు దగ్గర ఉన్నవాళ్లు వీళ్లు: గట్టు మీద కాఫీ గ్లాసుతో సత్యవతమ్మ గారు. కళ్లజోడు తుడుచుకుంటూ శేషగిరి మాస్టారు. టేపు చుట్ట చేతిలో పట్టుకుని, ఎక్కణ్ణించి కొలవాలో తెలియక నిలబడ్డ వెంకన్న. నడుములోతు నీళ్లలో నాగమణి. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు దోనెలో సూరిబాబు గారు. దూది పట్టుకుని నేను, ఏడుకొండలు. సంచి విప్పిన తెల్ల కలువ. పొట్లంలో ఎర్ర కలువ.

అది గొడ్డుది కాదు.